రెండు ఎడమ చేతుల పార్టీ

బస్టాపు పార్టీ గాలి వీచినప్పుడు మా వీధి మొత్తం ఎండుటాకుల్లా ఎగిరిపోయింది. ఎగరకుండా, చలించకుండా, ఇంటి ముందు బెంచీ మీద కాలు మీద కాలు వేసుకుని కూర్చున్న మగవాణ్ణి నేనొక్కణ్ణే. అందుకని ఈ కథ చెప్పే హక్కు నాకే ఉంది. మిగతా వాళ్లెవరు చెప్పినా నమ్మకండి. వాళ్లంతా ఆ చొక్కా తొడుక్కున్నవాళ్లు.

మా వీధి మొదట్లో ఒక దర్జీ కొట్టు ఉంది. ఒక కుట్టుమిషను, ఒక కత్తిరింపు బల్ల, ఒక నిలువుటద్దం, అద్దం పక్కన మేకుకు వేలాడే టేపు. దర్జీ ముందుగదిలో కుట్టేవాడు. ఆయన భార్య వెనకగదిలో కూర్చుని కాజాలు తీసేది, గుండీలు కుట్టేది, మొగుడు ఎక్కువ మాట్లాడినప్పుడు ఆ మాటల్ని కూడా కత్తిరించేది. కొట్టు గుమ్మం ముందు బస్టాపు స్తంభం. దర్జీ బతుకంతా ఆ స్తంభం చుట్టూనే తిరిగేది.

ఎలాగంటారా? బస్సు వేళకు రాదు. వేళకు రాని బస్సు కోసం నిలబడ్డ మనిషి కాసేపు రోడ్డు వంక చూస్తాడు, కాసేపు ఆకాశం వంక చూస్తాడు, ఇక చూడడానికేమీ లేక తనను తాను చూసుకుంటాడు. చూసుకుంటే గుండీ ఊడి ఉంటుంది. జేబు చిరిగి ఉంటుంది.

"బస్సొచ్చేలోపు కుట్టేస్తావా?" అని గుమ్మంలోంచి అడుగుతాడు.

"బస్సు సంగతి నాకొదిలేసి మీరు కూర్చోండి," అనేవాడు దర్జీ. గుండీ కుడుతూ కుడుతూనే మెడ కొలత తీసేసేవాడు. బస్సు ఇంకా రాకపోతే ఛాతీ కొలత. ఒకరోజు బస్సు దారిలో చెడిపోయి మరీ ఆలస్యమైతే, చిరుగు కుట్టించుకుందామని లోపలికి వచ్చిన పెద్దమనిషి కోటుకు కొలతలిచ్చి బయటికి వెళ్లాడు.

అలాంటి స్తంభాన్ని మున్సిపాలిటీ వాళ్లు మురుగుకాలవ మరమ్మతని చెప్పి పీకి, వీధి ఆ చివర పాతారు. పోనీ ఆ చివర ఇంకెవరి గుమ్మమన్నా కాకూడదా? సరిగ్గా దర్జీ బావమరిది పెట్టిన రెడీమేడ్ బట్టల కొట్టు ముందు! కాలవ బాగయింది. స్తంభం మాత్రం అక్కడే ఉండిపోయింది. దర్జీ కొట్లో మిషను మీద దుమ్ము పేరుకుంది. బావమరిది మాత్రం రోజూ సాయంత్రం పలకరించడానికి వచ్చేవాడు.

"ఎందుకు బావా ఈ తిప్పలు? నా కొట్లోకి వచ్చెయ్. కుట్టే పని లేదు, కొలిచే పని లేదు. చొక్కాలు మడతపెట్టి అట్టపెట్టెలో పెట్టడమే."

"కొలత తియ్యకుండా నేను చొక్కా ముట్టుకోనోయ్."

"అందుకే నీ కొట్టునిప్పుడు ఎవరూ ముట్టుకోవట్లేదు," అని నవ్వి, "అక్కా, నువ్వైనా చెప్పవే," అనేవాడు.

"నేను చెబితే వినే మనిషైతే ఈపాటికి కమిషనరు దగ్గరికి వెళ్లొచ్చేవారు," అనేది ఆవిడ వెనకగదిలోంచి.

స్తంభం తిరిగి రాకపోతే కొట్టు మూసి బావమరిది కింద చేరాల్సిందే. దర్జీకి ఆ ఊహే గొంతులో సూదిలా గుచ్చుకునేది. ఒక మనిషి జీవితంలో చాలా అవమానాలు దిగమింగవచ్చు. కానీ చిన్నప్పుడు తాను నిక్కర్లు కుట్టిపెట్టిన బావమరిది తనను "ఒరేయ్, ఆ పెట్టె ఇటివ్వు" అనే రోజు రాకూడదు.

అందుకని ఆ రోజు ఉదయం దర్జీ ఒక చిన్న పథకం వేసుకున్నాడు. చాలాకాలానికి దొరికిన పెద్ద బేరం, బ్యాండుమేళం వాళ్ల చొక్కాలు, వాళ్లకు అప్పగించాలి. అటునుంచి అటే మున్సిపల్ ఆఫీసుకు వెళ్లి, "అయ్యా, మా స్తంభం మాకిప్పించండి" అని కమిషనరుకు ఒక నమస్కారం పెట్టాలి. భోజనం వేళకు ఇంటికి వచ్చెయ్యాలి. అంతకు మించి ఆయనకు ఏ రాజకీయ ఉద్దేశమూ లేదు.

చొక్కాలు వంకాయరంగువి. భుజాల మీద బంగారురంగు అల్లిక. గుడ్డ ఒకవైపు నిగనిగలాడుతుంది, రెండోవైపు గోనెసంచిలా ఉంటుంది. బ్యాండు మేస్త్రి వచ్చి అద్దం ముందు నిలబడి ఒక చొక్కా తొడిగాడు. ఎడమ చెయ్యి హాయిగా దూరింది. కుడి చెయ్యి కూడా దూరింది గానీ, దూరాక కిందికి దిగలేదు. భుజం దగ్గర గుడ్డ మెలితిరిగి, చెయ్యి మెల్లగా పైకి లేచి, చెవి పక్కన నిలబడింది.

"దించండి మేస్త్రిగారూ," అన్నాడు దర్జీ.

"నేనెత్తలేదయ్యా దించడానికి!"

"కాస్త బలంగా దించండి."

మేస్త్రి ఎడమచేత్తో కుడిచేతిని పట్టి కిందికి లాగి వదిలాడు. అది మళ్లీ లేచి పూర్వపు చోటికే వెళ్లింది. దర్జీ భార్య వచ్చి చొక్కా చేతుల్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఏవండీ, ఇది ఎడమవైపు కుట్టాల్సింది."

"ఎడమవైపు కుట్టాను కదే!"

"కుడివైపు కూడా కుట్టారు."

సంగతేమిటంటే, గుడ్డను మడతపెట్టి చొక్కా చేతులు కత్తిరిస్తే ఒకటి కుడికి, ఒకటి ఎడమకు వస్తుంది. మన దర్జీ కత్తెర పట్టుకున్నప్పుడు మనసంతా స్తంభం దగ్గర ఉంది. మడతపెట్టడం మరచిపోయి, నిగనిగలాడే ముఖం పైకి పెట్టి పొరమీద పొర పేర్చి, ఒక్క కోతలో లాగించేశాడు. అన్నీ ఎడమచేతివే వచ్చాయి. తిరగేసి కుడదామంటే గోనెసంచి ముఖం పైకి వస్తుంది.

"బాకా ఊదేవాడు ఎలాగో సర్దుకుంటాడయ్యా. డోలు వాయించేవాడి సంగతేమిటి? ఆకాశాన్ని వాయించమంటావా?" అని మేస్త్రి చొక్కా విప్పి బల్లమీద కొట్టి వెళ్లిపోయాడు.

ఇదంతా మూలన కుర్చీలో కూర్చుని ఒకాయన చూస్తున్నాడు. ఆయన రిటైరైన హెడ్‌గుమస్తా. ఇంట్లో పేపరు చదవనివ్వరని రోజూ దర్జీ కొట్లో చదువుకునేవాడు. ఆఫీసు వదిలినప్పటి నుంచి ఎవరికీ సలహా ఇచ్చే అవకాశం దొరక్క ఆయన ఒళ్లంతా బరువెక్కి ఉంది.

"ఒక్కడివీ వెళ్తే దాన్ని విన్నపం అంటారయ్యా. గుంపుగా వెళ్తే సమస్య అంటారు. విన్నపాన్ని కట్ట కింద పెడతారు. సమస్యకు కుర్చీ వేస్తారు."

"గుంపెక్కడినుంచి తేను గుమస్తాగారూ?"

"ఊరికే చొక్కా ఇస్తానంటే రాని మనిషిని నువ్వు చూశావా?"

దర్జీ చూడలేదు. నేనూ చూడలేదు. పాలవాడు, ఇస్త్రీ చేసే ఆయన, సైకిలు రిపేరు ఆయన, పొద్దున్నే ఏ పనీ లేని పెద్దమనుషులు ఒక్కొక్కరే వచ్చి చొక్కాలు తొడుక్కున్నారు. దర్జీ, హెడ్‌గుమస్తా కూడా చెరొకటి తొడిగారు. కాసేపటికి వంకాయరంగు చొక్కాలతో, భుజాల మీద బంగారు అల్లికలతో, కుడి చెయ్యి ఆకాశానికి ఎత్తిన ఒక దండు మా వీధిలోంచి బయల్దేరింది. మధ్యలో ఎవరికో ఎడమ మోచెయ్యి దురద పెడితే పక్కవాడు ఎడమచేత్తో గోకాల్సి వచ్చింది. దూరం నుంచి చూసేవాళ్లకు అది కూడా ఏదో కవాతులో భాగంలాగే కనిపించింది.

మున్సిపల్ ఆఫీసు గేటు దగ్గర కాపలాదారు వాళ్లను చూసి లేచి నిలబడి సెల్యూట్ చేశాడు. పై అంతస్తు కిటికీలోంచి కమిషనరు చూశాడు. పోలీసుల్ని పిలవాలా, టీ తెప్పించాలా అని ఒక క్షణం తటపటాయించి, రెండోదే క్షేమమనుకుని టీ తెప్పించాడు. అందరూ ఎడమచేత్తో కప్పులు అందుకుని, కుడి చెయ్యి అలాగే ఎత్తి పట్టుకుని గుటకలు వేశారు.

"చేతులు దించండి బాబూ. కూర్చుని మాట్లాడుకుందాం," అన్నాడు కమిషనరు.

"దించలేమండీ," అన్నాడు దర్జీ. ఆయన నిజమే చెప్పాడు.

కమిషనరు ముఖం పాలిపోయింది. "అంత పట్టుదల వద్దు. మీకేం కావాలి?"

"మా వీధి మొదట్లో బస్టాపు స్తంభం కావాలండీ."

"ఇంకా?"

"ఇంకేం వద్దండీ."

ఇంకేమీ వద్దనేవాణ్ణి ఆ ఆఫీసులో అంతవరకు ఎవరూ చూడలేదు. అక్కడే ఉన్న విలేఖరి ఒకడు పరిగెత్తుకొచ్చాడు. "మీది ఏ పార్టీ సార్? చెయ్యి ఎందుకెత్తారు?"

దర్జీ నోరు తెరిచేలోగా హెడ్‌గుమస్తా ముందుకు వచ్చాడు. "బస్సు ఆపాలంటే ఏం చేస్తాం నాయనా? చెయ్యెత్తుతాం. స్తంభం వచ్చేదాకా ఈ చెయ్యి దించం. మాది బస్టాపు పార్టీ."

దర్జీ ఆయన చెవిలో, "మనకి పార్టీ ఎక్కడుందండీ?" అన్నాడు.

"ఇప్పుడు పుట్టింది, నోరు మూసుకో," అన్నాడు హెడ్‌గుమస్తా.

మర్నాడు పేపర్లో బొమ్మ పడింది. ఆ పైన ఏం చెప్పను! ప్రతి వీధికీ పోయిన స్తంభమో, రాని స్తంభమో ఒకటుంది. స్తంభం లేనివాళ్లకు ఇంకేదో మంట ఉంది. వాళ్లందరూ చెయ్యెత్తారు. మా వీధి చివరి బావమరిదైతే తన కొట్టు ముందున్న స్తంభాన్ని పీకి తీరాలని ఊరేగింపులో అందరికంటే ముందు నడిచి గొంతు చించుకున్నాడు.

"అది పీకితే నీ వ్యాపారం పోతుందిరా!" అని వాళ్లక్క అడిగితే, "ఊరంతా అరుస్తుంటే నేనొక్కణ్ణీ ఊరుకుంటే ఏం బాగుంటుందక్కా?" అన్నాడు. ఆయన్ను యువజన విభాగానికి పెద్దను చేశారు.

ఇక్కడ చిన్న సవరణ. మొదట్లో నేను చలించలేదన్నాను కదా? చలించాను. ఆ పార్టీకి నేను ఉపాధ్యక్షుణ్ణి. అలాగని నా ఘనతేమీ లేదు. మీటింగులకు బెంచీలు కావాల్సి వచ్చి, ఇంటి ముందు బెంచీ ఉన్న ప్రతివాణ్ణీ ఉపాధ్యక్షుణ్ణి చేశారు. చొక్కా కూడా తొడుక్కున్నాను. నిజం చెప్పొద్దూ, ఆ అల్లిక నాకు బాగా నప్పింది.

చొక్కాల కోసం జనం ఎగబడ్డారు. దర్జీకి తప్పు కుట్టు కుట్టాలంటే చెయ్యి రాలేదు. ఒక విడత గుడ్డను మడతపెట్టి, బుద్ధిగా కత్తిరించి, కుడిది కుడికీ ఎడమది ఎడమకీ కుట్టి ఇచ్చాడు. అవి తొడుక్కున్నవాళ్ల చేతులు మామూలు మనుషుల చేతుల్లాగే కిందికి వేలాడాయి. మిగతావాళ్లు వాళ్లను చుట్టుముట్టి, "చెయ్యి దించావంటే నువ్వెవరి మనిషివో చెప్పు," అని నిలదీశారు. పాపం వాళ్లు చొక్కాలు పట్టుకుని కొట్టుకు పరిగెత్తుకొచ్చి, "మాకు అసలు సిసలుది కావాలి. ఇవి నకిలీవి," అన్నారు.

"బాగా కుడితే నకిలీ అంటున్నారే!" అని దర్జీ తల పట్టుకున్నాడు.

"మీరు పెళ్లయిన కొత్తలో కుట్టినవి ఉన్నాయి, పంచిపెట్టమంటారా?" అంది భార్య.

ఇన్ని చొక్కాలు కుడుతున్నాడు కదా, కొట్టు కళకళలాడి ఉంటుందనుకునేరు! పార్టీ చొక్కాకు కూలి అడిగితే జనం అదోలా చూసేవారు. కొట్టు పార్టీ ఆఫీసైంది. కత్తిరింపు బల్లమీద టీ కప్పులు, మిషను మీద కరపత్రాలు, నిలువుటద్దం ముందు ఉపన్యాసం సాధన చేసుకునే కార్యకర్తలు. ఒకావిడ రవిక కుట్టించుకుందామని వస్తే ఆవిణ్ణి మహిళా విభాగానికి అధ్యక్షురాలిని చేసి పంపారు. రవికగుడ్డ జెండా అయింది. ఇచ్చిన ప్యాంటు ఏదని ఎవరన్నా అడిగితే, "ఉద్యమం అయ్యాక రండి," అనేవాడు హెడ్‌గుమస్తా. అడపాదడపా వచ్చే నాలుగు బేరాలూ అలా పోయాయి.

"ఇంకెంతలే, స్తంభం వచ్చేస్తే అన్నీ వస్తాయే," అనేవాడు దర్జీ.

"ముందు మన గది కర్టెను తెప్పించండి. నిన్న ఊరేగింపులో చూశాను," అనేది ఆవిడ.

అంతలో మున్సిపల్ ఎన్నికలు వచ్చాయి. మా పార్టీ దర్జీని నిలబెట్టింది. పాత పార్టీల అభ్యర్థులందరూ తామూ చెయ్యెత్తి తిరిగారు. కానీ వాళ్లవి బాగా కుట్టిన చొక్కాలు. వీధి మలుపు తిరిగేసరికి చేతులు నొప్పెట్టి దించేసేవారు. మన దర్జీ చెయ్యి పోలింగయ్యేదాకా దిగలేదు. జనం ఆ నిలకడ చూసి ముగ్ధులయ్యారు. దర్జీ కౌన్సిలరయ్యాడు.

స్తంభం తిరిగొచ్చింది. లారీలో పడుకోబెట్టి, పూలు చల్లి, పెళ్లికూతుర్ని దింపినంత నెమ్మదిగా దించి, దర్జీ గుమ్మం ముందు పాతారు. దర్జీ ఆ రోజు మిషనుకు నూనె వేశాడు. సూదులు మార్చాడు. టేపు మెడలో వేసుకుని, నోట్లో గుండుసూదులు పెట్టుకుని, గుమ్మంలో నిలబడ్డాడు.

బస్సు వచ్చింది. వేళకు వచ్చింది.

జనం ఇళ్లలోంచి సరిగ్గా ఆ క్షణానికే బయటికి వచ్చి, ఎక్కి, వెళ్లిపోయారు. వెనక దుమ్ము మిగిలింది. దర్జీ నోట్లోంచి గుండుసూదులు ఒక్కొక్కటే తీశాడు. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. బస్సును చూసి జనం ఇళ్లల్లో గడియారాలు సరిచేసుకుంటున్నారు. ఆగి నిలబడే మనిషి లేడు. తనను తాను చూసుకునే మనిషి లేడు. ఊడిన గుండీలన్నీ ఊడినట్టే బస్సెక్కి వెళ్లిపోతున్నాయి.

"స్తంభం లేనప్పుడు జనం లేరు, సరే. స్తంభం ఉన్నాక కూడా జనం లేరేమిటండీ?" అంది భార్య.

బావమరిది పార్టీ చొక్కాలోనే వచ్చి, "బావా, మనం గెలిచాం కదా! ఇక కొట్టు మూసేసి నా దగ్గరికి వచ్చెయ్. ఒక కౌన్సిలరు నా కొట్లో చొక్కాలు మడతపెడుతుంటే నాకెంత పేరు!" అన్నాడు.

పార్టీ పరిస్థితి కూడా కొట్టు కంటే మెరుగ్గా ఏమీ లేదు. మా బెంచీలన్నీ చేర్చి సమావేశం పెట్టారు. హెడ్‌గుమస్తా విచారంగా లేచాడు. "మిత్రులారా, మన కోరిక తీరిపోయింది. మన పార్టీకి ఇంత పెద్ద దెబ్బ ఎవరూ కొట్టలేదు."

"స్తంభాన్ని మనమే పీకి దాచేసి, మళ్లీ అడుగుదాం," అన్నాడు పాలవాడు. మంచి ఆలోచనే అని చాలామంది అన్నారు. చేతులెత్తమంటే అందరివీ ఎత్తే ఉన్నాయి గనక ఓటింగు తేలలేదు.

అప్పుడు దర్జీ లేచాడు. మనసులో ఉన్నది నోట్లోంచి వచ్చేసింది. "బస్సు కాస్త ఆలస్యంగా వస్తే బాగుండును."

హెడ్‌గుమస్తా కళ్లు మూసుకుని ఆలోచించి, "ఇందులో లోతుంది," అన్నాడు. సాయంత్రానికి బ్యానరు రాసేశాడు: 'ఆలస్యం మన హక్కు'.

ఆ బ్యానరు వెనక నడవడానికి మర్నాడు ముగ్గురం వచ్చాం. దర్జీ, హెడ్‌గుమస్తా, నేను. నేను కూడా మా బెంచీ తిరిగిస్తారేమో కనుక్కుందామని వచ్చాను. ఆఫీసులకు వెళ్లేవాళ్లు మమ్మల్ని చూసిన చూపు నేనిక్కడ వర్ణించను. దర్జీ రోడ్డు వారగా నిలబడి నినాదం అందుకున్నాడో లేదో, బస్సు వచ్చి ఆయన ముందు కీచుమంటూ ఆగింది.

"ఎక్కండి, ఎక్కండి, టైమవుతోంది!" అన్నాడు కండక్టరు.

"ఎక్కడానిక్కాదయ్యా. నిరసన చేస్తున్నాను."

"నిరసనైతే చెయ్యి దించి చేసుకో. చెయ్యెత్తితే ఆపాలి మేము."

"దిగదయ్యా ఇది."

"ఖర్మరా బాబూ! ఇంతకీ నీ బాధేమిటి?"

"బస్సు ఆలస్యంగా రావాలి."

కండక్టరు బస్సు దిగి వచ్చి దర్జీ ఎడమచెయ్యి పట్టుకున్నాడు. "నేను వద్దన్నానా సామీ? ఈ రూట్లో మేమేనాడన్నా వేళకు వచ్చామా? దారిలో టీ తాగేవాళ్లం. డ్రైవరు వాళ్ల చెల్లెలింటి ముందు ఆపి, పిల్లల్ని ఎత్తుకుని ముద్దాడి బయల్దేరేవాళ్లం. మీ పార్టీ వచ్చి మా కొంప ముంచింది. ఆ చెయ్యెత్తేవాళ్ల వీధికి ఆలస్యంగా వెళ్తే డిపో పీకి పందిరేస్తారని మా మేనేజరుకు భయం. మీ పార్టీ ఉన్నన్నాళ్లూ మాకీ పరుగు తప్పదు."

దర్జీ ఇంటికి వచ్చి గుమ్మంలో కూలబడ్డాడు. పార్టీ ఉంటే బస్సు వేళకు వస్తుంది. బస్సు వేళకు వస్తే కొట్టు మూతపడుతుంది. కొట్టు మూతపడితే బావమరిది కొట్లో అట్టపెట్టెలు. తాను తన చేతులతో కుట్టింది తన మెడకే బిగుసుకుంది. భార్యకు అంతా చెప్పాడు.

ఆవిడ సూదిలో దారం ఎక్కిస్తూ అడిగింది. "చొక్కా బిగుతైతే ఏం చేస్తారు మీరు?"

"కుట్టు విప్పుతాను."

"మొత్తం కుట్టు ఒక్కోటీ తెంపుతూ కూర్చుంటారా?"

"అదేం ఖర్మ? ఏ పోగు లాగితే గబుక్కున ఊడుతుందో చూసి, అదొక్కటీ లాగుతాను."

"మరింకేం?" అని ఆవిడ దారం తెంపింది.

దర్జీ మళ్లీ సమావేశం పెట్టాడు. ఈసారి అందరూ వచ్చారు, ఎందుకంటే ఆలస్యం గొడవ మానేశామని ముందే చాటింపు వేయించాడు. లేచి ఒక్క ముక్క మాట్లాడాడు.

"ఒక స్తంభం సాధించాం. ఇప్పుడు రెండోది సాధిద్దాం. అది ఎవరి గుమ్మం ముందు పాతాలో మాత్రం మీరే తేల్చండి."

చప్పట్లు కొట్టడానికి రెండో చెయ్యి అందక అందరూ ఎడమచేత్తో తొడలు చరిచారు. దర్జీ కూర్చున్నాడు. తొడల చప్పుడు మెల్లగా ఆగింది. ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు.

"మా ఇంటి ముందైతే నీడ ఉంటుంది," అన్నాడు ఇస్త్రీ చేసే ఆయన.

"నీ ఇంటి ముందు నీడా? నీ బొగ్గుల పెట్టె పొగ!" అన్నాడు పాలవాడు.

"యువజన విభాగం కష్టపడకపోతే మొదటిదే వచ్చేది కాదు. నా కొట్టు ముందు పాతాల్సిందే," అన్నాడు బావమరిది.

"నా రవిక జెండా చేసుకున్నారు. మర్యాదగా మా గుమ్మం ముందు పాతండి," అంది మహిళా విభాగం అధ్యక్షురాలు.

"కూర్చోడానికి బెంచీ ఉన్నది మా ఇంటి ముందే కదా," అన్నాను నేను. మిగతా ఉపాధ్యక్షులందరూ నామీదికి తిరిగారు.

"ఉపసంఘం వేద్దాం! ఉపసంఘం!" అని హెడ్‌గుమస్తా అరుస్తూనే ఉన్నాడు. ఆయన్ను ఎవరో పేపరు చదువుకోమన్నారు. తోపులాట మొదలైంది. కుడి చేతులు పైన చిక్కుకుపోయి ఉండడం వల్ల అందరూ ఎడమచేతులతోనే కొట్టుకున్నారు. అందుకే ఎవరికీ పెద్ద దెబ్బలు తగల్లేదు. ఇంతలో ఇస్త్రీ ఆయన కసిగా కుడిచెయ్యి కూడా విసిరేసరికి భుజం కుట్టు చర్రున చిరిగి, ఆ చెయ్యి దబ్బున కిందికి దిగింది. ఆయన కొట్లాట మానేసి, చాలాకాలానికి కలిసిన చుట్టాన్ని చూసినట్టు దాన్ని చూసుకున్నాడు. తర్వాత పాలవాడిది చిరిగింది. తర్వాత నాది. చర్రు చర్రున చేతులన్నీ వరసగా దిగిపోయాయి. అందరివీ దిగాక చూస్తే అక్కడ పార్టీ లేదు. మామూలు మనుషులం, మోచేతులు రుద్దుకుంటూ నిలబడి ఉన్నాం.

ఆ వారంలోనే అసలు బస్టాపు పార్టీ, నిజమైన బస్టాపు పార్టీ, బెంచీల బస్టాపు పార్టీ పుట్టాయి. ఒక్కో దాంట్లో ఒక్కో కుటుంబం ఉండేది. కుటుంబాల్లో కూడా మాటలు పోయాక అవీ ఆగిపోయాయి. వంకాయరంగు గుడ్డతో వీధి వీధంతా కిటికీలు తుడుచుకుంది. నిగనిగలాడే వైపు కంటే గోనెసంచి వైపే బాగా తుడిచింది.

సంగతి డిపోకు చేరింది. మొదటిరోజు బస్సు కొంచెం ఆలస్యంగా వచ్చింది. ఎవరూ అడగలేదు. మర్నాడు డ్రైవరు చెల్లెలింటి దగ్గర ఆగింది. ఆ మర్నాడు ఆవిడ వాళ్లను భోజనం చేసి వెళ్లమన్నట్టుంది. స్తంభం మాత్రం దర్జీ గుమ్మం ముందే ఉండిపోయింది, ఎందుకంటే మున్సిపాలిటీ వాళ్లు ఒకసారి పాతినదాన్ని కదపాలంటే మళ్లీ కాలవ పొంగాలి.

జనం నిలబడ్డారు. రోడ్డు చూశారు. ఆకాశం చూశారు. చివరికి తమను తాము చూసుకున్నారు.

"ఏమండీ కౌన్సిలరుగారూ, బస్సొచ్చేలోపు ఈ గుండీ కుట్టేస్తారా?"

"బస్సు సంగతి నాకొదిలేసి మీరు కూర్చోండి."

పదవి ఆయన వదులుకోలేదు. కౌన్సిల్ సమావేశాలకు క్రమం తప్పకుండా వెళ్తాడు. బడ్జెట్టు మీద చర్చ జరుగుతుంటే పక్క సభ్యుడి మెడ కొలత తీస్తుంటాడు. ఈమధ్య కమిషనరు కోటు కూడా ఆయన దగ్గరే కుట్టించుకున్నాడు. తొడుక్కుని ముందుగా కుడిచెయ్యి కిందికి దించి చూసుకున్నాడట.

ఇక వీధి ఆ చివర స్తంభం లేదు, జనం లేరు. అక్కడ రెడీమేడ్ చొక్కాలు అట్టపెట్టెల్లోనే ముడతలు పడ్డాయి. ఒకరోజు ఉదయం బావమరిది కొట్టుకు తాళం వేసి, తల వంచుకుని బావ గుమ్మంలోకి వచ్చాడు.

"బావా, గుండీలు కుట్టడం నాకొచ్చు. అక్క నేర్పింది చిన్నప్పుడు," అన్నాడు.

కొట్టు నిండా మనుషులున్నారు. వెనకగదిలోంచి ఆయన భార్య సూది పట్టుకునే తొంగిచూసింది. దర్జీ మిషను ఆపి, నోట్లో గుండుసూదులు తీసి, ఆయన్ను పాదాల నుంచి తలదాకా ఒకసారి కొలిచినట్టు చూశాడు. తర్వాత ఎంతో ఆప్యాయంగా, "రావోయ్ బామ్మర్దీ, కూర్చో," అన్నాడు.

ఇందులో ఏది కల్పించానని మీరెలాగూ అడుగుతారు. చేతులు లేవడం నిజం, డ్రైవరు చెల్లెలు నిజం, నా పదవి కూడా నిజం. నేను కల్పించింది ఆ చివరి "కూర్చో" ఒక్కటే. అక్కడ ఆయన అన్నది, "ఆ గుండీల పెట్టె ఇటివ్వు."